ఏ కాలు ముందు, ఏ చెయ్యి వెనక

మా ఫ్యాక్టరీ బస్సు సరిగ్గా ఐదింటికి బయల్దేరుతుంది. స్టోర్స్ సెక్షన్‌లో నా పని ఏనాడూ ఐదుంబావు లోపల తెమలదు. అందుకని పదేళ్లుగా నేను జహీరాబాద్ బస్టాండు దాకా షేర్ ఆటోలోనే వస్తున్నాను. ముగ్గురు కూర్చునే సీట్లో ఐదుగురం సర్దుకుంటాం. ఎవరి సంచి ఎవరి ఒళ్లో ఉందో, ఎవరి మోచెయ్యి ఎవరి పక్కటెముకల్లో ఉందో దిగేటప్పుడు గానీ తేలదు. దాన్ని నేనెప్పుడూ పెద్ద కష్టమనుకోలేదు.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం మాత్రం, ఎడమ పక్కన కూర్చున్న ఒకాయన చెయ్యి ఇరుకు వల్ల కాకుండా, కావాలనే నా నడుము మీదికి వచ్చింది. ఆ తేడా ఏ ఆడదానికైనా ఇట్టే తెలుస్తుంది. నా ఎడమ చెయ్యి వెంటనే లేచింది. సగం దాకా లేచి ఆగిపోయింది. "ఎడంచేత్తో కాదే" అని చిన్నప్పటి నుంచి చెవిలో పాతుకుపోయిన మాట ఒకటుంది, అదొచ్చి అడ్డం పడింది. సరే, కుడిచేత్తో కొడదామని చూస్తే దాన్నిండా టిఫిన్ క్యారేజీ. క్యారేజీ ఒళ్లోకి మార్చి, చెయ్యి ఖాళీ చేసుకుని, అటు తిరిగేసరికి ఆటో ఆగింది. ఆయన దిగి, చొక్కా సర్దుకుని, మిర్చిబండి వైపు వెళ్లిపోయాడు.

వెధవను కొట్టడానికి కూడా మర్యాదైన చెయ్యి వెతుక్కున్నాను నేను. ఇప్పుడు చెబుతుంటే నాకే నవ్వొస్తోంది. ఆ రోజు మాత్రం ఇంటికెళ్లి, స్నానాలగదిలో కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడు చాటున ఏడ్చాను. వాడి మీద కోపం కన్నా నా చేతి మీద కోపం ఎక్కువగా ఉంది.

నేను పుట్టుకతోనే పుర్రచేతి వాటం మనిషిని. అన్నప్రాసన నాడు పళ్లెంలోకి నేను చాచిన చెయ్యి చూసి మా అమ్మ గతుక్కుమందట. ఆవిడ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అన్నం తినేటప్పుడు మాత్రం నా ఎడమ చేతిని గౌను నడుము పట్టీకి రిబ్బనుతో కట్టేసేది. ఎర్ర రిబ్బను, అందంగా పువ్వులా ముడి. చాలా రోజులు నేను దాన్ని అలంకారమే అనుకుని మురిసిపోయాను. ఎవరికేం ఇవ్వబోయినా, ఎవరి దగ్గరేం పుచ్చుకోబోయినా, "ఆ చెయ్యి కాదే" అని వెనక నుంచి వినిపించేది. బడిలో టీచరమ్మ నా బలపాన్ని ఓపిగ్గా రోజుకు పదిసార్లు కుడిచేతిలోకి మార్చేది.

ఐదో ఏడు వచ్చేసరికి అన్నం, రాత, ప్రసాదం అన్నీ కుడిచేతి పాలయ్యాయి. తాళం తియ్యడం, సూదిలో దారం ఎక్కించడం, దోమను చంపడం లాంటి ఎవరూ పట్టించుకోని పనులు ఎడమ చేతికి మిగిలాయి. నాన్నకు ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చి మేం గోదావరి జిల్లా నుంచి జహీరాబాద్ చేరేటప్పటికి నాకు ఎనిమిదేళ్లు. ఈ ఊళ్లో నా ఎడమ చెయ్యి సంగతి తెలిసిన మనిషే లేడు.

ఆటోలో జరిగింది అమ్మకు చెప్పలేదు. నాన్న పోయాక ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. పెళ్లెందుకు చేసుకోలేదని మాత్రం అడక్కండి, అడిగినవాళ్లందరికీ జవాబు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. చెబితే అమ్మ ఉద్యోగం మానేయమంటుందని నా భయం. నెల తిరక్కముందే మా కాలనీ గేటు దగ్గర ఒక కాగితం అంటించారు. స్కూలు హాల్లో ఆడవాళ్లకు బాక్సింగ్, ఆత్మరక్షణ నేర్పుతారట. ఆదివారం పొద్దున, బుధవారం సాయంత్రం. అమ్మతో యోగా అని చెప్పి చేరిపోయాను. నాకు కప్పులూ మెడళ్లూ అక్కర్లేదు. ఇంకోసారి అలాంటిది జరిగితే ఎవరినీ అడక్కుండా చెయ్యి లేవాలి. ఆ ఒక్కటి వస్తే చాలనుకున్నాను.

నేర్పేది రాయికోడ్ వైపు ఊరాయన. సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చాడు. అక్కడ రెజిమెంటు తరఫున బాక్సింగ్ ఆడేవాడు. అందరం సుబేదార్ సార్ అనేవాళ్లం. ఆయన ముక్కు కొద్దిగా ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. మొదటి రోజే అందరం దాన్నే చూస్తున్నామని కనిపెట్టి, "ఇది పుర్రచేతోడు ఇచ్చిన ఇనామమ్మా" అని నవ్వేశాడు.

ఆ రోజు పన్నెండు మందిమి వచ్చాం. గ్లవ్స్ కొత్తవి. కొత్త వస్తువును ఊరికే వాడతామా? మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ సంచిలోంచి కుంకుమ భరిణె తీసి నాలుగు జతలకీ బొట్లు పెట్టింది. ఇంకొకావిడ కొబ్బరికాయ కూడా తెచ్చింది. సార్ అడ్డు చెప్పలేదు, కొబ్బరి ముక్క నోట్లో వేసుకుని, సుద్దముక్కతో నేల మీద పొడుగ్గా గీత గీశాడు.

"గీ గీతకాడ నిలవడుండ్రి. ఒక కాలు ముందట, ఒక కాలు ఎనక. ఏ కాలు ముందట పెడ్తరో మీ ఇష్టం. ఎక్వ ఆలోచించొద్దు. మీకు ఏది వాటమైతే గది పెట్టుండ్రి."

పన్నెండు కుడికాళ్లు గీత దాటాయి.

సార్ కొబ్బరి నమలడం ఆపేశాడు. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు, మళ్లీ వెనక్కి నడిచాడు. "ఏందమ్మా ఇది! నా సర్వీసు మొత్తంల పుర్రచేతోళ్లను నలుగురినో ఐదుగురినో చూసిన. ఒక్క జహీరాబాద్‌ల పన్నెండు మందా!" అన్నాడు. ఆ గొంతులో ఆశ్చర్యం కన్నా ఆనందం ఎక్కువగా ఉంది.

తర్వాత ఆయన చెప్పింది ఇదీ. బాక్సింగ్‌లో బలమైన చెయ్యి వెనక ఉండాలి. ముందున్న చెయ్యి దూరం చూసుకోవడానికి, ఎదుటివాణ్ణి చికాకు పెట్టడానికి. అసలు దెబ్బ వెనక చేతిది. వెనక మడమ తిరిగి, నడుము తిరిగి, భుజం తిరిగి, అంత దూరం ప్రయాణం చేసి వస్తుంది కాబట్టి దానికి బలం. అందుకని కుడిచేతి వాటం వాళ్లు ఎడమ కాలు ముందు పెట్టి నిలబడతారు. పుర్రచేతి వాళ్లు కుడికాలు ముందు పెడతారు. వాళ్లను సౌత్‌పా అంటారు. అలాంటి వాళ్లంటే అందరికీ హడలే, ఎందుకంటే దెబ్బ అలవాటు లేని వైపు నుంచి వస్తుంది.

"మన బ్యాచ్‌ను చూసి సంగారెడ్డి మొత్తం పరేషాన్ కావాలె" అని సార్ రెండు వారాల పాటు మా పన్నెండు మందికీ సౌత్‌పా నిలబాటే నేర్పాడు.

ఆ రెండు వారాలు నాకు స్వర్గం. కుడికాలు ముందు, ఎడమ చెయ్యి గడ్డం దగ్గర వెనకగా. మొదటిసారి సార్ అరచేతికి తొడుక్కున్న ప్యాడ్ మీద ఎడమ గుద్దు వేసినప్పుడు హాలంతా మోగింది. నేనే ఉలిక్కిపడ్డాను. సార్ ప్యాడ్ తీసి అరచెయ్యి విదిలించుకుంటూ "శాబాష్" అన్నాడు. ఇంటికి వెళ్తూ దారిలో ఆ శాబాష్‌ను మూడు నాలుగుసార్లు నాలో నేనే అనుకున్నాను. మిగతా పదకొండు మంది దెబ్బలు మాత్రం పిండి పిసుకుతున్నట్టుండేవి. సార్ ఆనందం రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది.

మూడో ఆదివారం ఆయనకు అనుమానం వచ్చింది. అందరినీ కూర్చోబెట్టి, "నిజం చెప్పుండ్రి. అన్నం ఏ చేత్తోని తింటరు?" అన్నాడు.

"కుడిచేత్తోనే సార్" అన్నారు అందరూ.

"రాసుడు?"

"అదీ కుడిచేత్తోనే."

"మరి కుడికాలు ముందట ఎందుకు పెట్టిన్రమ్మా?"

జవాబు చెప్పింది నా పక్కన కూర్చున్న నర్సమ్మాయి. ఝరాసంగం నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చి ఇక్కడి దవాఖానలో పనిచేస్తుంది. గుద్దులు నేర్చుకునేటప్పుడు మా ఇద్దరినీ జోడీ కట్టారు. "మొదటి దినం గద సార్. కొత్త పని షురూ జేసేటప్పుడు ఎడమ కాలు ఎట్ల పెడ్తం?" అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

"నువ్వు చర్చికి పోతవ్ గదమ్మా. నీకెక్కడిది గిది?"

"మా నాయనమ్మ ఊకోదు సార్."

బురఖా మడిచి కుర్చీ మీద పెట్టి క్లాసుకు వచ్చే ఉర్దూ టీచరుగారు కూడా తలూపింది. "మా దాంట్ల గూడ గట్లనే సార్. మంచి జాగలకు పోయేటప్పుడు కుడికాలే ముందు." కొబ్బరికాయ తెచ్చినావిడ సంగతి సరే సరి. ఆ హాల్లో మతాలు మూడు, కాలు మాత్రం ఒకటే. సార్ రెండు చేతులతో తల పట్టుకుని గీత మీదే కూర్చుండిపోయాడు. కాసేపటికి ఆయన భుజాలు ఊగుతుంటే ఏడుస్తున్నాడేమోనని కంగారుపడ్డాం. నవ్వుతున్నాడు.

నవ్వడం అయ్యాక అడిగాడు. "అయితె మీల అసల్ పుర్రచేతోళ్లు ఎవరన్న ఉన్నరా? ఉంటె చెయ్యెత్తుండ్రి."

నేను ఎత్తలేదు. సిగ్గేసింది, అంతే. పన్నెండు మందిలో ఒక్కదాన్నే "నాది ఎడమ చెయ్యి" అని చెప్పడం నాకు ఏదో తప్పు ఒప్పుకోవడంలా అనిపించింది. ఏమీ ఎరగనట్టు పైన తిరుగుతున్న ఫ్యాన్ చూస్తూ కూర్చున్నాను. సార్ అందరినీ లేపి కాళ్లు మార్పించాడు. ఎడమ కాలు ముందుకు, కుడికాలు వెనక్కి. మిగతా పదకొండు మంది ప్రాణం కుదుటపడింది. నా ప్రాణం ఎగిరిపోయింది.

ఆ తర్వాత ఆరు వారాలు బ్యాచ్ మొత్తంలో అందరికన్నా వెనకబడింది నేనే. కుడి గుద్దులో బలం లేదు. ఎడమది ముందు ఉండి ఏం చెయ్యాలో తెలియక గాల్లో ఊగేది. వెనక్కి వెళ్దామంటే కాళ్లు ఒకదానికొకటి అడ్డం. సార్ నన్ను చూసి, "మొదాలు గంత మంచిగ కొట్టినవ్, ఇప్పుడేమాయెనమ్మా?" అని అడుగుతుంటే గ్లవ్స్ పట్టీ మళ్లీ బిగించుకునేదాన్ని.

ఆత్మరక్షణలో ఒక ఆట ఉండేది. మేం సంచి భుజాన వేసుకుని మామూలుగా నడుస్తూ ఉండాలి. సార్ చెప్పకుండా పక్కనుంచి వచ్చి సంచి పట్టీ లాగుతాడు. వెంటనే తిరిగి, నిలదొక్కుకుని, ఒక దెబ్బ వెయ్యాలి, గట్టిగా అరవాలి. ఉర్దూ టీచరుగారి అరుపుకు బయట కుక్కలు లేచేవి. నా వంతు వచ్చినప్పుడు మాత్రం ప్రతిసారీ ఒకటే తంతు. ఎడమ చెయ్యి సగం లేస్తుంది, ఆగుతుంది, కుడిచెయ్యి బయల్దేరుతుంది, ఈలోపు సంచి సార్ చేతిలో ఉంటుంది. అచ్చం ఆ సాయంత్రం ఆటోలోలాగే. నర్సమ్మాయి ఒకరోజు మంచినీళ్లు తాగుతూ అనేసింది.

"అక్కా, ఏమనుకోకు. నువ్వు కొట్టే ముందు ఎవర్నో అడిగొస్తున్నట్టున్నవ్."

నవ్వాను గానీ, ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ పూట ఇక ఈ క్లాసు మానేద్దామనే అనుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో కొత్త చెయ్యి ఎక్కణ్ణుంచి తెస్తాను?

మానకుండా ఆపింది ఒక జామకాయ. ఒక బుధవారం సార్ కోహీర్ నుంచి జామకాయలు తెచ్చాడు. పంచిపెట్టే ఓపిక లేక ఒక్కొక్కరి పేరూ పిలిచి విసురుతున్నాడు. నేను కిందికి వంగి షూ లేసు కట్టుకుంటున్నాను. నా పేరు వినిపించి తలెత్తేసరికి జామకాయ ముక్కు దగ్గరికి వచ్చేసింది. ఎడమ చెయ్యి వెళ్లి పట్టేసుకుంది.

సార్ చేతిలో ఉన్న మిగతా జామకాయలు బుట్టలో పెట్టేశాడు. "మల్ల లేసి నిలవడు" అని ఇంకొకటి విసిరాడు. ఎడమ చెయ్యే. నా వెనక్కి వచ్చి, చెప్పకుండా వీపు మీద చిన్నగా నెట్టాడు. పడకుండా ఆపుకోవడానికి కుడికాలు ముందుకు వచ్చింది. హాలు తాళం చేతికిచ్చి తియ్యమన్నాడు. మూలనున్న చీపురు ఇచ్చి ఊడ్వమన్నాడు. రెండూ ఎడమ చేతికే వెళ్లాయి. క్లాసంతా నోళ్లు తెరుచుకుని చూస్తోంది. నాకు చెవులు వేడెక్కిపోయాయి.

"పుట్టుకతోని పుర్రచెయ్యేనా?"

"అవును సార్."

"ఆ దినం అడిగితె ఎందుకు చెప్పలే?"

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. ఒరిగిన ముక్కును రుద్దుకుని, "నా ముక్కు పల్గగొట్టినోడు నీలెక్కనే నిలవడ్డడు. గసొంటి చెయ్యి ఇంట్ల పెట్టుకోని గరీబోళ్ల లెక్క తిరుగుతున్నవేందమ్మా?" అన్నాడు. తర్వాత కొంచెం నెమ్మదిగా చెప్పాడు. "మొదాలు మంచిగ నిలవడుడు నేర్వు. కాళ్లు సక్కగుంటె చెయ్యి అదే వస్తది. జర టైమ్ వడ్తది. ఫికర్ జెయ్యకు."

అలా మళ్లీ కుడికాలు ముందుకు వచ్చింది. కష్టాలు నర్సమ్మాయికి మొదలయ్యాయి. ఇద్దరూ ఒకే తీరున నిలబడితే కాళ్లకు గొడవ లేదు. ఒకరు అటూ ఒకరు ఇటూ నిలబడితే ముందు కాళ్లు రెండూ ఎదురెదురుగా వచ్చి కొట్టుకుంటాయి. నా ముందు కాలు ఆమె ముందు కాలికి బయటి వైపు ఉండాలని సార్ సూత్రం. ఆమెకూ అదే సూత్రం చెప్పాడు. ఇంకేముంది, ఆ జాగా కోసం ఇద్దరం గంటల తరబడి ఒకరి చుట్టూ ఒకరం తిరిగేవాళ్లం. నేను ఆమె బొటనవేలిని ఎన్నిసార్లు తొక్కానో లెక్కలేదు. "అక్కా, పొద్దంత వార్డుల నిలవడాలె. జర వేళ్లన్న మిగుల్చు" అని బతిమాలేది. అయినా క్లాసు మానలేదు. మంచి పిల్ల.

ఇంట్లో సాధన బీరువా అద్దం ముందు. ఒకరోజు అమ్మ గుడి నుంచి పెందలాడే వచ్చేసి గుమ్మంలో నిలబడి నన్ను చూసింది.

"ఇదేం యోగానే?"

దొరికిపోయాను. బాక్సింగని ఒప్పుకున్నాను. ఎందుకు చేరానో మాత్రం చెప్పలేదు, ఒంటికి మంచిదన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"కుడికాలు ముందు పెట్టావు, బానే ఉంది. ఆ ఎడం చెయ్యెందుకే మధ్యలో? కుడిచేత్తో కొట్టలేవూ?"

"కొట్టేటప్పుడు కూడా మర్యాదేంటమ్మా!" అని అరిచాను. ఆవిడ నొచ్చుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట పప్పులో ఉప్పు ఎక్కువైంది, నేను కిమ్మనకుండా తినేశాను. నిజానికి ఆ అరుపు ఆవిడ మీద కాదు. ముప్పై ఏళ్లకు పైగా ఎర్ర రిబ్బను లేకపోయినా నా చేతికి నేనే కట్టు కట్టుకుంటున్నానని తెలిసి వచ్చిన ఉక్రోషం అది.

చెయ్యి ఒక్కరోజులో రాలేదు. సంచి ఆటలో మొదట పదిసార్లకు ఒకసారి లేచింది. తర్వాత ఐదుసార్లకొకసారి. చలికాలం వచ్చేసరికి సార్ పట్టీ మీద చెయ్యి వేస్తే చాలు, ఎడమ గుద్దు ప్యాడ్ మీద ఉండేది. కానీ అది సార్, అది ప్యాడ్, అది స్కూలు హాలు. వస్తాడని ముందే తెలుసు కదా అని నా మనసులో అనుమానం అలాగే ఉండేది.

సంక్రాంతి వెళ్లిన తర్వాత ఒక ఆదివారం నర్సమ్మాయి వాళ్లింటికి భోజనానికి పిలిచింది. అన్న కొడుకును కొత్తగా బడిలో వేశారని చిన్న పండగ. ఝరాసంగం వెళ్లి, జొన్నరొట్టెలు, కోడికూర, పచ్చిపులుసు కడుపునిండా తిని, మూడింటికి తిరుగు ఆటో ఎక్కాను. నా ముందు సీట్లో కూరగాయల గంపతో ఒక పెద్దమ్మ, ఆమె పక్కన ఇద్దరు కాలేజీ పిల్లలు. నాకు కుడివైపున యాభై ఏళ్ల మనిషి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను.

ఊరు దాటి పత్తిచేల మధ్యకు వచ్చాక ఆయన చెయ్యి కదిలింది. మొదట సీటు అంచు మీద, తర్వాత నా తొడ మీద. నేను బయటికి చూస్తున్నట్టే ఉన్నాను. నా చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి. క్యారేజీ లేదు, సంచి భుజాన ఉంది. ఏ చెయ్యి అని నేను ఆలోచించలేదు. ఆలోచించలేదని కూడా తర్వాతే తెలిసింది. అప్పటికే నా నడుము కుడివైపుకు తిరిగిపోయింది, ఎడమ చెయ్యి అడ్డంగా వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది.

గుద్దడానికి ఆటోలో చోటు లేదు. మణికట్టు పట్టుకోవడం బాక్సింగ్‌లో ఫౌల్, సార్ చూసి ఉంటే ఈల వేసేవాడు. పట్టుకున్న చేతిని అందరికీ కనిపించేలా పైకి ఎత్తాను. ఇంట్లో ముప్పై ఏళ్లుగా గోదావరి యాస మాట్లాడేదాన్ని, నోట్లోంచి మాత్రం ఫక్తు జహీరాబాద్ వచ్చింది.

"ఏం చేస్తున్నవ్‌రా? చెయ్యి ఇరగ్గొడ్త!"

"జాగ లేదు మేడం, ఏం జెయ్యాలె. ఊకె లొల్లి జేస్తరేంది" అని ఆయన చెయ్యి లాక్కోబోయాడు. నేను వదల్లేదు. ఆయన వాచీ గొలుసు నా అరచేతిలో గీసుకుంటోంది, అయినా వదల్లేదు. గంప పెట్టుకున్న పెద్దమ్మ వెనక్కి తిరిగి, "ఏమాయె బిడ్డా?" అంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పెద్దమ్మ నన్ను ఇంకేం అడగలేదు. డ్రైవరు భుజం మీద తట్టి, "ఆపు. ఈన దిగుతడట" అంది.

ఆటో ఆగింది. చుట్టూ పత్తి, మనిషి లేడు, నీడ లేదు. ఆయన దిగి చొక్కా సర్దుకుంటుంటే కాలేజీ పిల్లలు పకపకా నవ్వారు. ఆటో కదిలాక భయమూ సంతోషమూ రెండూ కలిసి ఉన్నాయి. నాకు పెద్దగా నవ్వాలని ఉంది, ఎవరినైనా గట్టిగా కౌగిలించుకోవాలని ఉంది. పెద్దమ్మ దిగుతూ నాలుగు టమాటాలు నా ఒళ్లో వేసి వెళ్లింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ హాల్లో నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నా అరచేతి మీద గీత చూసి, "ఏమైందే, ఎక్కడ గీసుకున్నావ్?" అంది. ఇక దాచాలనిపించలేదు. నిలబడే మొత్తం చెప్పేశాను. ఆ మొదటి ఆటో, సగంలో ఆగిన చెయ్యి, క్యారేజీ, క్లాసులో ఎందుకు చేరానో, ఇవాళ ఏమైందో, అన్నీ. ఉద్యోగం మానెయ్యమంటుంది, ఒంటరిగా ఝరాసంగం ఎందుకు వెళ్లావంటుంది అని వాదించడానికి సిద్ధంగా ఉన్నాను.

ఆవిడ చేతిలోని చిక్కుడుకాయ చేటలో వేసేసింది.

"ఎడం చెయ్యా లేచింది?" అంది.

"అవును. అదే లేచింది. నువ్వేమన్నా సరే, నాకు అదేనమ్మా" అన్నాను, కొంచెం గట్టిగానే.

అమ్మ నా వైపు చూడలేదు. "బియ్యే మొదటి సంవత్సరంలో నేను రోజూ బస్సులో వెళ్లేదాన్ని. రోజూ ఒకడే. వాడికి నేను ఎక్కే స్టాపు తెలుసు, నేను నిలబడే చోటు తెలుసు. ఏడాదంతా" అంది.

అమ్మ డిగ్రీ మధ్యలో ఎందుకు ఆపేసిందని చిన్నప్పుడు అడిగితే, చదువు బుర్రకెక్కలేదే అని నవ్వేసేది. నాన్న కూడా ఆ మాట పట్టుకుని ఆటపట్టించేవాడు. నేనూ ఆటపట్టించాను, ఎన్నోసార్లు.

"నువ్వేం చేశావమ్మా?"

"ఏం చేస్తాను? నీకు ఏదో ఒక చెయ్యి లేచింది. నాకు రెండూ లేవలేదే. కాలేజీ మానేశాను."

ఆవిడకు ఇప్పుడు అరవై ఆరేళ్లు. ఆ మాట అమ్మమ్మకు చెప్పలేదట, నాన్నకూ చెప్పలేదట. ఏడుపొచ్చింది. చిక్కుడుకాయల చేట పక్కకు జరిపి, ఆవిడను ఆనుకుని నేల మీద కూర్చున్నాను.